బా లారీ మళ్లీ ఆగింది

ఏప్రిల్ 9

గ్రాఫిక్స్ కార్డు మళ్లీ పోయింది. నెల తిరక్కుండా రెండోది.

జూలూరుపాడులో నా జిరాక్స్ షాపు మూసి తండాకు వచ్చేసరికి బా, అంటే మా నాన్న, గేమ్ స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాడు, నల్లటి తెరను చూస్తూ. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మానిటర్ మీద నో సిగ్నల్. నన్ను చూడగానే, "నేనేం జెయ్యలే బిడ్డా. వార్ధా బ్రిడ్జి దాటినంక ఆగింది" అన్నాడు.

ఈ లారీ గేమ్‌లో ఉన్నవి ఏదో చలిదేశపు రోడ్లు. బా వాటన్నిటికీ తన పేర్లు పెట్టుకున్నాడు. పెద్ద వంతెన వార్ధా. టోల్‌గేటు ఆదిలాబాద్. సముద్రం పక్క రోడ్డుకు మాత్రం ఇంకా ఏ పేరూ పెట్టలేదు. ఆయన ఎప్పుడూ అటు వెళ్లలేదు.

ఏప్రిల్ 10

ఖమ్మం వెళ్లొచ్చాను. భాస్కర్ నాతో పాలిటెక్నిక్‌లో చదివాడు, ఇప్పుడు కంప్యూటర్ షాపు నడుపుతున్నాడు. కార్డును తన మెషీన్లో పెట్టి చూశాడు. డెడ్. వారంటీలో మార్పిస్తానన్నాడు. వరసగా రెండు పోయాయంటే తప్పు కార్డుది కాదట. పవర్ సప్లై మార్చమన్నాడు, మార్చాను. ఇంటి ఎర్తింగ్ కూడా చూపించుకోమన్నాడు.

వచ్చేటప్పుడు ఏన్కూరు దాటాక బస్సుకు మిర్చి లారీ ఎదురొచ్చింది. కిటికీలోంచి ఘాటు కొట్టింది. తుమ్మాను. తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. అదంతా మిర్చి వల్ల కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

కరెంటు పని చేసే పూల్‌సింగ్ వచ్చాడు. ఎర్తింగ్ గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ కొత్తగా వేశాడు. స్టెబిలైజర్ కూడా పెట్టించాను. మా అమ్మను మేం యాడి అంటాం. యాడి గడప మీద కూర్చుని అంతా చూసి, "లారీ ఉన్ననాడు గూడ గిదే కథ. రోడ్డు మీద కంటె షెడ్డులనే ఎక్కువ ఉండేది" అంది. బా నవ్వాడు.

ఆ నవ్వు కోసమే కదా ఇదంతా.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి బా ఎడమకాలు పడిపోయింది. క్లచ్ తొక్కలేని డ్రైవరుకు లారీ ఎందుకని అమ్మేశాం. కొన్నవాళ్లు తోలుకెళ్తుంటే చప్పుడు వినబడినంతసేపూ నిలబడి విన్నాడు. ఆ తర్వాత మంచం మీద కూర్చుని గోడ చూసేవాడు. అన్నం తిన్నావా అంటే తల ఊపేవాడు. మాట లేదు. పోయిన దసరాకు సెకండ్‌హ్యాండ్‌లో ఈ గేమింగ్ పీసీ, స్టీరింగు, పెడల్స్ తెచ్చి పెట్టాను. క్లచ్ లేకుండా సెట్ చేశాను. మొదటిరోజు బా స్టీరింగును రెండు చేతులతో తడిమి, హారన్ ఏదని అడిగాడు. నెలల తర్వాత విన్న మొదటి మాట అదే.

మూడో తరగతి ఎండాకాలం సెలవుల్లో నన్ను నాగపూర్ తీసుకెళ్లాడు. మిర్చి లోడు. డ్రైవరు వెనక బల్ల మీద నా పడక. తెల్లవారుజామున కళ్లు తెరిస్తే బా వీపు, దాని అవతల అద్దం, అద్దం నిండా ఎర్రటి రోడ్డు. నేను నిద్ర లేచానని వెనక్కి చూడకుండానే తెలిసిపోయేది. "సువర్ణా, చాయ్ దాగుదమా?" అనేవాడు.

ఏప్రిల్ 14

కొత్త కార్డు వచ్చింది. బా లారీ కడిగాడు. గేమ్‌లో అందుకు ఒక బటన్ ఉంది.

ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కన కూర్చుని టెస్ట్ చేశాను. టేబుల్ ఫ్యాన్ పీసీ కేబినెట్ వైపు తిప్పి పెట్టాను. కార్డు వేడి అరవైనాలుగు డిగ్రీలు దాటలేదు. వోల్టేజీ సరిగ్గా ఉంది. తెర మీద ఒక్క గీత కూడా రాలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఇది ఎప్పుడూ పాడవ్వదు. ఎందుకో అర్థం కావడం లేదు.

ఒక మలుపు దగ్గర బా స్పీడు తగ్గించి, ఇక్కడ ఒక ముసలావిడ జామకాయలు అమ్మేదని చెప్పాడు. స్క్రీన్ మీద అక్కడ పైన్ చెట్లు తప్ప ఏం లేవు. నేను కూడా ఆమెను చూడాలని ప్రయత్నించాను.

మే 2

మూడోది. మధ్యాహ్నం పోయిందట.

మే 3

భాస్కర్ ఈసారి కార్డును పూర్తిగా విప్పాడు. చిప్‌ల పక్కన తెల్లటి మరకలున్నాయి. నీళ్లు పడ్డాయన్నాడు. దీనికి వారంటీ రాదన్నాడు. ఇంట్లో ఏం చేస్తున్నారని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. వానలు పడేది ఇప్పుడా, నీళ్లెక్కడివి అన్నాను. నువ్వే రిపేరు చేసిన పాత కార్డులను కొత్తవని అంటగడుతున్నావన్నాను. షాపులో నలుగురు కస్టమర్లున్నారు. అందరూ విన్నారు. భాస్కర్ కార్డును డబ్బాలో పెట్టి నా వైపు జరిపాడు.

మే 5

యాడి బట్టలు ఉతకడానికి తీస్తూ, బండి ఎట్లాగూ నడవడం లేదు కదా, దాని మీది తువ్వాల కూడా ఉతికేస్తానంది.

ఏ తువ్వాల అన్నాను.

బా రోజూ తడిపి కేబినెట్ మీద వేసేదేనట. ఎండ ఎక్కగానే వేస్తాడట, చల్లబడ్డాక తీసి తీగ మీద ఆరేస్తాడట. ఆదివారం నేను ఫ్యాన్ పెడతాను కాబట్టి అవసరం లేదట. నాకు తెలుసనుకుందట.

కేబినెట్ పైన గాలి పోవడానికి జాలీ ఉంది. దాని కిందే కార్డు. జాలీ మీద వేలు పెట్టి గీకితే తెల్లటి పొడి వచ్చింది.

అరిచాను. మూడు కార్డులు బా, మూడు, అని అరిచాను. ఎవరు చెప్పారు నీకు నీళ్లు పెట్టమని అన్నాను. బా నన్నే చూస్తూ, "ఇంజన్ ఉడుకుతుండె బిడ్డా. డీజిల్ పంపు మీద తడి గోనె ఎయ్యకుంటె ఎండల బండి సాగుతదా?" అన్నాడు.

తర్వాత కర్ర పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

మే 6

నిద్ర పట్టలేదు. ఆ నాగపూర్ దారిలో చంద్రాపూర్ ఇవతల లారీ ఆగిపోయిన రోజు గుర్తొచ్చింది. బా బానెట్ ఎత్తి పంపు మీద గోనె ముక్క కప్పాడు. క్యాన్‌తో దాని మీద నీళ్లు పోసింది నేనే. కొంచెం కొంచెం పొయ్యమన్నాడు, పోశాను. లారీ స్టార్టయితే, మా సువర్ణ మెకానిక్ అని దారంతా చెప్పుకున్నాడు. ధాబాలో వడ్డించేవాడికి కూడా చెప్పాడు.

మే 8

బా మళ్లీ గోడ చూస్తున్నాడు. అన్నం తిన్నావా అంటే తల ఊపాడు.

మే 10

ఖమ్మం వెళ్లాను. షాపులో జనం ఉన్నప్పుడే లోపలికి వెళ్లాను. ఆ రోజు అందరి ముందే అన్నాను కాబట్టి ఇదీ అందరి ముందే చెప్పాలనుకున్నాను. తప్పు నాది, కార్డులన్నీ మంచివే, మా ఇంట్లోనే నీళ్లు పడ్డాయి అని చెప్పాను. భాస్కర్ స్క్రూలు బిగిస్తూనే, "పాత కార్డులు అంటగట్టెటోని దగ్గరికి మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు. కాసేపటికి స్టూలు జరిపాడు. తడి తువ్వాల సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. వాళ్ల నాన్నకూ ఇట్లాంటి అలవాటు ఏదో ఉండేదన్నాడు. ఏమిటో చెప్పలేదు.

కొత్త కార్డు వచ్చే నెలే. అప్పటిదాకా ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తో నడుపుకోమన్నాడు. అది నాకు ముందే తెలుసు. బొమ్మ బాగుండదని ఇన్నాళ్లూ పెట్టలేదు.

మే 11, ఆదివారం

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి, సెట్టింగులన్నీ కిందికి దించాను. బొమ్మ వచ్చింది. బా రమ్మంటే రాలేదు. వద్దు, మళ్లీ ఖరాబ్ చేస్తానన్నాడు. ఖరాబ్ చేస్తే చెయ్యి అన్నాను. ఐనా రాలేదు.

నేనే కూర్చుని తోలాను. నాకు రాదు. రెండు స్తంభాలకు గుద్దాను. టోల్‌గేటులో ఇరుక్కున్నాను. రివర్సు తీయబోయి కాలువలోకి దించాను. మంచం మీద బా ఇటు తిరిగాడు. ఆఖరికి, "లోడు మీద ఉన్న బండి గట్లనా తోలేది? జరుగు" అన్నాడు.

జరిగాను.

మే 12

చిన్న గ్రాఫిక్స్‌కు దూరం కనబడదు. చెట్లు లేవు, కొండలు లేవు. లారీ ముందు కొంచెం రోడ్డు, ఆ పైన అంతా తెలుపు. బా కాసేపు తోలి, బండి పక్కకు ఆపి, రెండు ఇండికేటర్లూ వేశాడు. పొగమంచు, ఇట్లాంటప్పుడు తోలకూడదన్నాడు.

యాడి చాయ్ తెచ్చి ఎందుకాపారని అడిగింది. మంచు అని చెప్పాను. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన లారీ ఎక్కని మనిషి, కొంగుతో స్టూలు తుడిచి మా పక్కన కూర్చుంది.