చేరని అల

అత్తయ్యా,

ఈరోజు మీ సంవత్సరికం. నిన్న మావయ్యగారిని కంకిపాడు నుంచి బెజవాడ తీసుకెళ్లి, తలకు తీగలు అంటించి పరీక్ష చేయించాం. జ్ఞాపకం నిలవాలంటే మెదడులో ఒకచోట లేచిన అల ఇంకోచోటికి సాగి, రెండూ ఒకే లయలో కదలాలట. ఆయనకు అల లేస్తోంది గానీ అవతలికి సరిగా చేరడం లేదన్నారు డాక్టరుగారు. చేరనిది పోయినట్టా, లేచినచోటే ఉన్నట్టా అని అడగాలనుకున్నాను. ఈలోగా తర్వాతి పేషెంటును లోపలికి పిలిచేశారు. బయటికొచ్చాక మీ అబ్బాయిని అడిగితే, "నీకెందుకే అవన్నీ? మందులు టైముకి వెయ్యి, చాలు" అన్నారు. ఒళ్లు మండిపోయింది. రోజంతా మావయ్యగారి దగ్గర ఉండేది నేనే కదా!

ఇందాక భోజనాల దగ్గర మావయ్యగారు, "ఇవాళ ఎవరి తద్దినం అమ్మా?" అని అడిగారు. మీ అబ్బాయి తల వంచుకుని పెరుగు కలుపుకుంటున్నారు. నిజం చెప్పిన ప్రతిసారీ మావయ్యగారికి మీరు అప్పుడే పోయినట్టుంటుంది. అందుకే, "పెద్దవాళ్లదండీ" అన్నాను.

ఆయన గారె కొరికి, "అల్లం బాగా తగిలింది. మీ అత్తకి ఇలాగే ఇష్టం. తనకో రెండు తీసిపెట్టు" అన్నారు.

తీసి మూత పెట్టాను. సాయంత్రం మీరింకా రాలేదేమని అడుగుతారు. అప్పుడూ జవాబు నేనే చెప్పాలి.