కట్టుడు పళ్ళ సిపాయి

హాల్వెల్ గ్రామం, మసాచుసెట్స్
1861 ఏప్రిల్ 27

కెప్టెన్ స్టాఫర్డ్ గారికి, బూట్లు కుట్టే ఎల్కనా క్రోవెల్ భార్య కెజయా వ్రాసుకున్న మనవి.

దక్షిణాదివాళ్ళు కోటమీద ఫిరంగులు పేల్చారనీ, అధ్యక్షులవారు డెబ్భై అయిదు వేలమందిని మూడు నెలలపాటు సైన్యంలో పనిచెయ్యడానికి పిలిచారనీ పేపరు వచ్చిన రోజే, మా ఆయన సగం కుట్టిన బూటు పక్కన పెట్టి, "పిలిచారు కదే, వెళ్ళకపోతే ఏం బాగుంటుంది" అని మీ దళంలో చేరిపోయారు. నలభై ఆరేళ్ళ మనిషి. తుపాకీ నింపాలంటే మందు చుట్టిన తూటా కాగితాన్ని ముందు పళ్ళతో కొరికి చింపాలటగా. ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. పంపించెయ్యండి.

ఇట్లు,
కెజయా క్రోవెల్

తా.క. డెబ్భై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిమందితో సర్దుకోలేరా?

వాషింగ్టన్ శిబిరం
మే 4

శ్రీమతి క్రోవెల్ గారికి,

మీరు పొరబడ్డారు. మీవారికి రెండు వరుసలూ నిండుగా ఉన్నాయి. డాక్టరు ఎదుటే తూటా కొరికి చూపించారు.

విధేయుడు,
బార్నబస్ స్టాఫర్డ్, కెప్టెన్

తా.క. అంత మంచి పళ్ళుండీ ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు.

హాల్వెల్
మే 10

కెప్టెన్ గారికి,

అవి ఆయనవి కావు. చనిపోయిన మా అమ్మ కట్టుడు పళ్ళు. సొరుగులో గుడ్డలో చుట్టి దాచాను. ఇప్పుడు గుడ్డే ఉంది. నా పళ్ళు నాకు పంపించండి.

కెజయా క్రోవెల్

తా.క. ఆ పళ్ళతోనే మా అమ్మ ఆయన్ని పన్నెండేళ్ళు తిట్టింది.

శిబిరం
మే 16

శ్రీమతి క్రోవెల్ గారికి,

మీ ఫిర్యాదు మీద మీవారిని దొంగతనం కింద కాపలా గుడారంలో పెట్టాం. పళ్ళు మీవేనని రుజువు పంపగలరు.

బార్నబస్ స్టాఫర్డ్

తా.క. పళ్ళు స్వాధీనం చేసుకున్నాం. అప్పటినుంచి ఆయన తన తరఫున ఏం చెప్పుకుంటున్నారో ఎవరికీ అర్థం కావడం లేదు.

హాల్వెల్
మే 21

కెప్టెన్ గారికి,

దొంగతనమని నేనెక్కడ వ్రాశాను? పళ్ళు అడిగితే మనిషి వస్తాడనుకున్నాను. ముందు విడిచిపెట్టండి. మీ రాతి రొట్టెలు నానబెట్టి ఇవ్వండి.

కెజయా క్రోవెల్

తా.క. సూప్ చల్లారితే ముట్టరు. ఆ సంగతి ఆయన చెప్పలేకపోయినా తెలుసుకోండి.

శిబిరం
మే 27

శ్రీమతి క్రోవెల్ గారికి,

విడిచిపెట్టాం. పళ్ళు లేనందున జాబితాలోంచి పేరు కొట్టేశాం. రైలు టికెట్టు నేనే చేతిలో పెట్టాను. ఆయన వెళ్ళలేదు. వంటశాల వెనక బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూర్చున్నారు. ఇల్లు గుర్తురావడం లేదా అని అడిగాను. రెండుసార్లు చెప్పించుకుంటే గానీ మాట తెలియలేదు.

"మా అమ్మాయి లోయిస్ ఫిబ్రవరిలో గొంతు జబ్బుతో పోయింది సార్. తొమ్మిదేళ్ళది. అప్పట్నుంచీ మేమిద్దరం బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుని తింటాం. మాటుండదు. ఇక్కడ వందమంది అరుచుకుంటూ తింటారు. ఈ మూణ్ణెల్లూ ఉండనివ్వండి."

మీరు ఇంకా పంపమంటే బలవంతంగానైనా రైలెక్కిస్తాను.

బార్నబస్ స్టాఫర్డ్

హాల్వెల్
జూన్ 2

కెప్టెన్ గారికి,

రైలెక్కించకండి. ఫిబ్రవరి తరవాత ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మీ ఉత్తరంలోనే చూశాను. ఆ బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోవడం నావల్లా కావడం లేదు. దళాల్లో బట్టలుతకడానికి ఆడవాళ్ళను పెట్టుకుంటారట. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చేశాను. ఈ ఉత్తరం అందిన మర్నాడు నేనూ అక్కడికి చేరతాను. ఆయనతో అనకండి.

కెజయా క్రోవెల్

తా.క. కనబడగానే ఏం మాట్లాడాలో తెలియదు. రైల్లో రెండు రోజులుంటుంది కదా, ఆలోచించుకుంటాను.