దిండు గలీబు మీద తెల్లమచ్చలు

అమ్మాయ్,

లేవగానే చల్లటి నీళ్ళతో కళ్ళు కడుక్కో. సబ్బు తగలనీయకు. ఆ మొటిమల మందు ఇవాళ రాయొద్దు. ట్యూబు నా సంచిలో వేసుకుపోతున్నాను, వెతకకు. డాక్టరుకు చూపించి, వాడమంటేనే తిరిగిస్తాను.

నీ నీలం దిండు గలీబు మీద తెల్లమచ్చలు పడ్డాయి. బట్టలుతికే ఆవిడ బ్లీచింగు పోసిందనుకున్నాను. ఆవిడ ఒట్టేసినా నమ్మలేదు. ఇవాళ చూస్తే, నువ్వు ముఖం తుడుచుకునే తువ్వాలు మీదా అవే మచ్చలు. మందు దట్టంగా పూసుకుని బోర్లా పడుకుంటావు. అది దిండుకు అంటి, దిండు నుంచి కళ్ళకు చేరుతోంది. గుడ్డ రంగునే తినేసే మందు కనురెప్పను వదులుతుందా?

ట్యూబు తెచ్చిన మీ పిన్నిని అడిగాను. "అందరూ వాడేదే బావా, మీకన్నీ అనుమానాలే" అంది. ఆవిడ ముఖాన ఒక్క మొటిమ లేదు, ఆవిడకేం పోయింది?

డాక్టరు సరేనన్నా, ముందు కళ్ళ చుట్టూ వాజలైను రాసుకో. మందు కంటికి వేలెడు దూరంలోనే ఆపు. పూర్తిగా ఆరాకే పడుకో. చేతులు కడుక్కోకుండా కళ్ళు నలపకు.

మంట తగ్గకపోయినా, చూపు మసకబారినా నా కోసం సాయంత్రందాకా ఆగకు. షెడ్డుకు ఫోన్ చెయ్యి, పని వదిలి వచ్చేస్తాను.

నాన్న

రాత్రి కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడిగితే "ఏం లేదు నాన్నా" అన్నావు. మీ అమ్మ కూడా ఆసుపత్రిలో పడేదాకా ఏం లేదనే అంది. ఆమెను నమ్మాను. నిన్ను నమ్మను.