యాదన్న దెబ్బ

1953 ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఇసుక బస్తాను పెరట్లో వేలాడదీశాను. మా నాన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో వంటవాడు. అక్కడి గోరా సోల్జర్ల దగ్గర నేను బాక్సింగ్ నేర్చుకున్నాను. సంగారెడ్డిలో నాకు జోడీ లేదు. ఎదుటివాడు లేకపోతే చెయ్యి మొద్దుబారిపోతుంది. అందుకే రాళ్ళు కొట్టే యాదన్నను పిలిచాను. చిన్ననాటి స్నేహితుడు. చేతులు ఇనుప కడ్డీలే గానీ గుద్దు ఉత్తదే. బస్తా కదల్లేదు. సిగ్గుపడి నవ్వాడు.

ఫిబ్రవరి 22

వాడు భుజంతో గుద్దుతున్నాడు. దెబ్బ మడమలో పుట్టాలని చెప్పాను. మడమ తిరిగితే నడుం తిరుగుతుంది. చెయ్యి దాని వెంటే పోతుంది. పిడికిలి ముందే బిగించకూడదు, తగిలే క్షణంలో బిగిస్తే చాలు. "గిదేదో ముందుగాల్నే చెప్పొద్దా!" అన్నాడు.

మార్చి 15

ఈవేళ వాడి కుడిచేతి గుద్దు నా గ్లవ్ మీద పడితే మోచేతి దాకా జివ్వుమంది. సంతోషం వేసింది. నిజంగానే.

ఏప్రిల్ 7, సాయంత్రం

హైదరాబాద్‌లో ఒక బట్టల మిల్లు బాక్సింగ్ టీమ్ కడుతోంది. పర్మనెంట్ ఉద్యోగం, క్వార్టర్. ఒక్కటే ఖాళీ. మిల్లు దొర ఆదివారం పటాన్‌చెరు తోటకు వస్తాడు, అక్కడే ట్రయల్. మిషన్ స్కూల్లో నా డ్రిల్ మాస్టర్ పని ఎప్పుడు పోతుందో తెలియదు. పేరిచ్చాను. యాదన్న "నన్ను గూడ తోల్కపో, సూసొస్త" అన్నాడు.

ఏప్రిల్ 13

నోరు తెరవలేను. రాయడానికి నోరు అక్కర్లేదు.

ట్రయల్‌కు ఇంకెవరూ రాలేదు. దొర మా ఇద్దరినీ చూసి, మీరే కొట్టుకోండి, నిలిచినవాడికి ఉద్యోగం అన్నాడు. యాదన్న నా చెవిలో "ఉత్తగనే ఆడుదాం ఏలీయా, నౌకరి నీదే" అన్నాడు. నమ్మాను. రెండో రౌండ్‌లో వాడి పక్కటెముకలు అడ్డు లేకుండా దొరికాయి. ఊరికే తాకించి వదిలేశాను.

వాడు వదల్లేదు. మడమ తిరగడం నాకు కనిపించింది. అంత నిఖార్సైన దెబ్బ నా జన్మలో నేను వెయ్యలేదు. తెలివి వచ్చేసరికి దొర వాడి భుజం తడుతున్నాడు. నా దవడ విరిగింది.

ఏప్రిల్ 19

యాదన్న భార్య శివమ్మ జావ తెచ్చింది. వాడు రాలేదు. "మొకం సెల్లుతలేదంటుండు అన్నా" అంది. గిన్నె విసిరికొడదామనుకున్నాను. తాగాను. ఆకలికి రోషం ఉండదు.

జూన్ 10

బస్ కండక్టర్ ఖయ్యూం చెప్పాడు. ఎవరు నేర్పారని దొర అడిగితే, ఎవరూ లేరు, సొంతంగా నేర్చుకున్నానన్నాడట యాదన్న.

జూన్ 11

స్కూల్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. విజిల్ ఊదలేని డ్రిల్ మాస్టర్ ఎవరికి కావాలి?

నవంబర్ 29

పాత దొర బొంబాయి వెళ్ళిపోయాడు. కొత్త దొరకు బాక్సింగ్ గిట్టదు. టీమ్ ఎత్తేశారు, బాక్సర్లనూ తీసేశారు. యాదన్న తిరిగొచ్చి మళ్ళీ రాళ్ళు కొడుతున్నాడట. ఆ మాట విని కడుపునిండా తిన్నాను. తిన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

డిసెంబర్ 6

యాదన్న వచ్చాడు. గడపలో నిలబడి దవడ ముందుకు చాపాడు. "కొట్టు ఏలీయా. నీ కోపం తీర కొట్టు. ఇగ మునుపటి లెక్కనే ఉందాం." కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడు.

కొట్టలేదు. కొడితే తేలికపడి ఇంటికి పోయేవాడు.

తలుపు వేసుకున్నాను.