పడుకోబెట్టి తీర్థం పోయొద్దు

గుంటూరు ఆసుపత్రి నుంచి

తమ్ముడు పేరయ్యను దీవించి అన్న రాసేది. ఫోనులో నా గొంతు పెగలకపోతే మీ వదిన ఏడుస్తుంది, అందుకని కార్డు. అక్షరాలు వంకరగా ఉన్నా కూడబలుక్కుని చదువు.

గొంతులో క్యాన్సర్ ఇక తగ్గదని పెద్ద డాక్టరు మొహం మీదే చెప్పాడు. దానికి నేను బెదరలేదు. మంచినీళ్లకు బెదురుతున్నాను. మొన్న దాహమై పడుకునే గ్లాసెత్తాను. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, ఊపిరందక మంచం మీద గిలగిలా కొట్టుకున్నాను. మింగడం నేర్పే అమ్మాయి పరిగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టింది.

"గడ్డం గుండెకు ఆనించి మెల్లిగా మింగు తాతా. నీ పొగరు తర్వాత చూపిద్దువులే" అంది.

అట్లా మింగితే ముక్కులో గొట్టం లేకుండా ఉన్నన్నాళ్లూ నోటితోనే తాగొచ్చట. పూటపూటా నేర్చుకుంటున్నాను గానీ, గ్లాసు చూస్తే ఇంకా దూరంగా జరుపుతున్నాను.

మిరపకు తడి పెట్టావా? బొబ్బర తెగులు తగిలిందంటున్నారు, ఆకులు తిరగేసి చూడు. చూడి గేదెను ఎవరడిగినా అమ్మొద్దు.

అసలు సంగతి ఇది. నాకు ఆఖరి ఘడియ వచ్చిందనుకోగానే మనవాళ్లు పడుకోబెట్టి నోట్లో తులసి తీర్థం పోస్తారు. నాకు పోయనివ్వొద్దు. వద్దనడానికి అప్పటికి నాకు గొంతుండదు. అంతగా కావాలంటే గుడ్డ తడిపి పెదాలకు అద్దండి. మీ వదినకు ఇప్పుడే నచ్చజెప్పు. అందరికంటే ముందు తీర్థం పట్టుకొచ్చేది ఆమే.

పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అన్న
కోటయ్య