దీపాలు పెట్టాక బోణీ

బుధవారం, రాత్రి

మా పప్పుల కొట్టు పక్క గది అద్దెకు తీసుకుందామని దాచిన డబ్బులో సగం ఇవాళ అమెరికా మార్కెట్‌లో పెట్టాను. అక్కడి వందల కంపెనీల్లో తలా కాస్త వాటా ఉండే ఫండు అది. వాళ్ల మార్కెట్ తెరిచే వేళకి మా గజపతినగరంలో దీపాలు పెట్టేశారు. ఫోన్‌లో కొనబోతుంటే అత్తయ్య చూసింది.

"దీపాలెట్టాక డబ్బు గడప దాటించకూడదని తెలీదేటే?"

"అక్కడిప్పుడు పొద్దున్న అత్తా. బజారు ఇప్పుడే తెరిసినారు."

అత్తయ్య దీపం వత్తి ఎగదోసింది.

"అయితే ఆళ్లకిది బోణీ వేళ. బోణీ బేరం తప్పించకూడదు. కొనెయ్యి."

కొనేశాను. ఇప్పుడు భయం వేస్తోంది. ఇన్నాళ్లూ పప్పుల ధర ఒక్కటి చూసుకుంటే సరిపోయేది. ఇక ఫండు ధరతో పాటు డాలరు ధర కూడా చూడాలి. ఫండు పెరిగినా డాలరు పడితే లాభం కరిగిపోతుందట. రెండూ పడితే, ఆ పక్క గది...

కొట్లో మావయ్య రోజూ మొదటి నోటుని కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తాడు. అక్కడ, లేత ఎండ పడే ఏదో వీధిలో, నా డబ్బుని కూడా ఎవరైనా అలా కళ్లకద్దుకుని ఉంటారా?