కింది రెప్ప

మార్కాపురం, బుధవారం

నాయనా, నేను కులాసా. హాస్టల్ కూడు కడుపుకు అలవాటైంది.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో ఈ వారం రక్తపరీక్ష మొదలైంది. ఒకరి వేలు ఒకరం పొడిచి నేర్చుకోవాలి. నా జోడీ గిద్దలూరు బట్టల దుకాణం వాళ్లమ్మాయి కామేశ్వరి. గొర్రెకు జలగ రోగం పట్టి రక్తం తగ్గిందేమోనని నువ్వు చూసినట్టే, సూది తీయకముందే ఆమె కింది రెప్ప దించి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. "నీకు రక్తం తక్కువుంది" అన్నాను.

"నేనేమన్నా గొర్రెనా ఏంది?" అని ఆమె కసిరింది. అందరూ నవ్వారు. పరీక్షలో రక్తం ఎనిమిదే వచ్చింది, పన్నెండు ఉండాలి. "ఎవురు నేర్పినారమ్మా?" అని సార్ అడిగితే, మా నాయన అని గొప్పగా చెప్పాను.

ఆ సంబరం సాయంత్రం దాకా కూడా లేదు, అమ్మ గుర్తొచ్చింది. మొన్న నన్ను రాచర్లలో ఆటో ఎక్కించడానికి వస్తూ అమ్మ దారిలో రెండుసార్లు కూలబడి అలుపు తీర్చుకుంది. ఎండకేమో అనుకున్నాను.

నల్లగొర్రె ఈనిందా? నా పాత దుప్పటి పంపు. పంపొద్దు, నువ్వే తీసుకురా, అమ్మను కూడా వెంటబెట్టుకుని. "నాకేమైంది" అంటుంది, వినొద్దు. పెద్దమ్మకు దండాలు చెప్పు.

మందలో ఒక్క గొర్రెను కూడా వదలకుండా చూస్తావు. ఇంట్లో మనిషిని నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ఈ కార్డు అందిన రోజే వెలుతురులో నిలబెట్టి అమ్మ రెప్ప దించి చూడు.

నీ బిడ్డ,
అంకమ్మ